నిండు అతుకు

ఆ ఎండాకాలం నుంచీ సైకిలు మీద వెళ్ళేవాళ్ళ మొహాలు నాకు కనిపించవు. ఎదురుగా ఎవరు వస్తున్నా నా కళ్ళు ముందు హ్యాండిలు కిందికి, పైపులు వచ్చి కలిసే చోటికి పోతాయి. అక్కడి అతుకు మా ఫ్యాక్టరీది కాదని తేలాక గానీ నాకు ఊపిరి తిరగదు. పలకరించినా పలకడం లేదని, ముసలితనంలో పొగరెక్కిందని వీధిలో నాకు పేరు కూడా వచ్చింది. మా ఆవిడ అయితే దీన్ని పిచ్చి అంటుంది. పిచ్చి కాదు, భయం. రెంటికీ తేడా నాకు ఆ ఎండాకాలంలోనే తెలిసింది కాబట్టి చెబుతున్నాను.

మాది సైకిళ్ళ ఫ్యాక్టరీ, నేను వెల్డర్ని. బడులు తెరిచే ముందు పిల్లల సైకిళ్ళకు గిరాకీ ఎక్కువ. ఆ రోజుల్లో మాకు చేతినిండా పని, చెవినిండా తిట్లు. ఫ్రేములో చాలా అతుకులు రోబో వేసేది. మేమంతా దాన్ని ఇనపచెయ్యి అనేవాళ్ళం. హ్యాండిలు కింద నిలువుగా ఉండే తలపైపు దగ్గర అతుకు మాత్రం మనుషులకే వదిలారు. అక్కడ పైపుల కోత ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, చూసుకుని సర్దుకుంటూ పోవాలి. పైగా బరువంతా పడేది అక్కడే. ఆ అతుకు ఊడిందంటే ముందుచక్రం ఒక దారి, తొక్కేవాడు ఒక దారి.

ఆ ఏడు కెమెరా వచ్చింది. అతుకు వేశాక ఫ్రేము దాని ముందుకు వెళుతుంది, బాగుంటే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. అయితే పుడుతూనే దానికేం తెలుస్తుంది? ముందు మనిషి కూర్చుని నేర్పాలి. అతుకుల ఫొటోలు ఒక్కొక్కటే కంప్యూటర్లో వస్తుంటే ఇది మంచిది, ఇది చెడ్డది అని నొక్కుతూ పోవాలి. అవన్నీ చూసి అది తన తెలివి తను కూడగట్టుకుంటుందట. ఆ నొక్కే పనికి చదువుకున్నవాళ్ళు, చూపు చురుగ్గా ఉన్నవాళ్ళు కావాలన్నారు. మా ఇంట్లో కోడలుంది. మా అబ్బాయి లారీ మీద పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. ఆ పిల్ల డిగ్రీ చదివి, వంటింట్లో మా ఆవిడ చేత వంకలు పెట్టించుకుంటోంది. నేనే వెళ్ళి ఆమె పేరిచ్చాను.

"వెల్డింగంటే ఏంటో తెలియని పిల్ల. అక్కడ కూర్చుని ఏం చెబుతుందండీ?" అంది మా ఆవిడ.

"నేను నేర్పుతాగా," అన్నాను.

తీరిక దొరికినప్పుడల్లా తుక్కు పైపులు రెండు తీసుకుని అతికి, ఆ ముక్కలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. సాయంత్రం టీ తాగి, వాటిని భోజనాల బల్ల మీద పరిచేవాణ్ణి.

"తినే బల్ల మీద ఈ ఇనపముక్కలేంటి? రేపు కూరలో పంటి కింద ఏదైనా తగిలితే నన్నడక్కండి," అనేది మా ఆవిడ.

"ఇనుము ఒంటికి మంచిదేలే."

కోడలు ఒక్కో ముక్కా వెలుగులోకి తిప్పి, వేలితో తడిమి చూసేది. "ఏది బాగున్నట్టు మామయ్యా?"

"ఇదిగో, ఇలా. నిండుగా ఉండాలి. రెండు పైపుల్నీ గట్టిగా కావిలించుకున్నట్టు లేదూ?"

"మరి ఈ సన్నది?"

"దాని మొహం చూడు, పస్తులున్నదానిలా. అది ఏం బరువు మోస్తుంది?"

"చివర ఈ మడతేంటి, కొక్కెంలా?"

"అది నా ముద్ర. అలా వెనక్కి తిప్పి ఆపితే గట్టిగా కూర్చుంటుంది."

నాలుగు సాయంత్రాలు తిరిగేసరికి, ముక్క చేతిలో పెట్టీ పెట్టకముందే మంచిదో చెడ్డదో చెప్పేసేది. నేను ఏది మంచిదంటే ఆమెకూ అదే మంచిది. "కాకి పిల్ల కాకికి ముద్దు. మీ అతుకులు మీకు తప్ప ఎవరికి ముద్దు?" అని మా ఆవిడ ఇద్దర్నీ కలిపి వెక్కిరించేది.

ఇక్కడ నా చేతి సంగతి కూడా చెప్పాలి. చలిరోజుల నుంచే కుడిచెయ్యి అప్పుడప్పుడు నా మాట వినడం మానేసింది. వెల్డింగు టార్చి పట్టుకుంటే మణికట్టు దగ్గర చిన్నగా ఎగిరేది. వయసనుకున్నాను, వేడి చేసిందనుకున్నాను. అతుకు వంకర పోకుండా కాస్త నెమ్మదిగా కదిలి, కాస్త ఎక్కువ లోహం పోసేవాణ్ణి. చివర టార్చి తీసేటప్పుడు ఎగరకుండా కొంచెం వెనక్కి తిప్పి ఆపేవాణ్ణి. అతుకు నిండుగా, చూడముచ్చటగా వచ్చేది. ఈ వయసులో పనితనం ఇంకా ముదిరిందనుకుని మురిసిపోయాను.

కెమెరా పని మొదలుపెట్టగానే మా కోడలి పేరు మారుమోగిపోయింది. నేర్పినవాళ్ళలో చాలామంది ఇవాళ మంచిదన్నదాన్ని రేపు చెడ్డదన్నారట. తడబాటు లేకుండా ఒకే తీరున నొక్కింది ఈమె ఒక్కతే. అందుకని తలపైపు అతుకుల విషయంలో ఈమె నొక్కినవే ఖాయం చేశారు. ఈ మాట ఇంజనీరమ్మ స్వయంగా నా దగ్గరికి వచ్చి చెప్పింది. మా కోడలి ఈడుదే, మనుషులతో మర్యాదగా మాట్లాడే పిల్ల. "మీ కోడలిది చాలా మంచి కన్నండీ," అంది. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

నా ఫ్రేములన్నిటికీ పచ్చే. పక్కన పనిచేసే పాటగాడికి మాత్రం ఎరుపు మీద ఎరుపు. వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, మాస్కు వెనక ఎప్పుడూ ఏదో పాడుతుంటాడు కాబట్టి పాటగాడు. కొత్తగా పెళ్ళయినవాడు, నా దగ్గర పని నేర్చినవాడు. వాడి అతుకు సన్నగా, పైపులో పైపు కలిసిపోయినట్టుంటుంది.

"బాబాయ్, నువ్వు నేర్పిన పనే కదా నేను చేస్తున్నా. నాకు ఎరుపేంటి, నీకు పచ్చేంటి?"

"లోహం చాలట్లేదేమోరా. కాస్త నింపి చూడు."

"ఊరికే నింపితే లోపలికి దిగదని నువ్వేగా నన్ను తిట్టేవాడివి?"

అన్న మాటే. కానీ ఎదురుగా దీపం పచ్చగా వెలుగుతుంటే ఆ మాట మీద నిలబడటానికి నాకు మనసు రాలేదు. ఈలోగా మా సూపర్వైజరు వచ్చాడు. ఒకే మాట గంట కొట్టినట్టు కొడుతూనే ఉంటాడని అతన్ని గంట అంటాం. "కెమెరా చెప్పినట్టు చెయ్యి, కెమెరా చెప్పినట్టు చెయ్యి," అని పాటగాడి వెంట పడ్డాడు. వాడూ నింపడం మొదలుపెట్టాడు, వాడికీ పచ్చ వచ్చింది. అంతకుముందు రోజూ కొన్ని ఫ్రేముల్ని అతుకు దగ్గర కోసి లోపల ఎలా ఉందో చూసేవాళ్ళం. కెమెరా కుదురుకుందని ఆ కోత బల్లని మూలకు నెట్టి, దాని మీద టీ డబ్బా పెట్టారు.

గిరాకీ ఇంకా పెరిగేసరికి తలపైపు అతుకు కూడా ఇనపచేతికి అప్పగించారు. దానికెవరు నేర్పుతారని ఇంజనీరమ్మనడిగాను.

"ఎవరూ నేర్పక్కర్లేదండీ. అది వేస్తుంది, కెమెరా చూస్తుంది. ఎరుపొస్తే తనే ఏదో ఒకటి మార్చుకుని మళ్ళీ వేస్తుంది. పచ్చ వచ్చేదాకా అలా మార్చుకుంటూనే ఉంటుంది," అంది.

ఇనపచెయ్యి ఉండే గది అద్దం ఇవతల నిలబడి చూసేవాళ్ళం. మొదట్లో సన్నగా వేసి ఎర్రదీపం తెచ్చుకుంది. రోజురోజుకీ లావు చేసింది, నెమ్మదించింది. ఒక ఉదయం టీ తాగుతూ చూద్దును కదా, అతుకు చివరికొచ్చాక అది ఒక్క క్షణం తటపటాయించి, కొంచెం వెనక్కి తిరిగి ఆగింది. పచ్చ దీపం వెలిగింది. తర్వాతి ఫ్రేముకీ అంతే, ఆ తర్వాతిదానికీ అంతే.

పాటగాడు నా భుజం మీద చెయ్యేశాడు. "బాబాయ్, అచ్చు నీ పోలికే. పిన్నికి తెలుసా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ గ్లాసులో టీ అంచు దాటి నా వేళ్ళ మీద పడింది. ఆ వెనక్కి తిప్పడం ఎందుకో ఆ షెడ్డులో నాకొక్కడికే తెలుసు. ఇనపచేతికి ఎగిరిపడే నరం లేదు, అలిసిపోయే కండ లేదు. అయినా ఎగరకుండా ఆపుకోవడానికి నేను పడే తంటా అంతా అది పడుతోంది. గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాను.

ఇంట్లో కూడా టీ ఒలకడం మా ఆవిడ చూసింది. నేను వద్దంటున్నా వినకుండా ఆస్పత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు కాగితమిచ్చి గుండ్రంగా సున్నా చుట్టమన్నాడు. చుట్టాను. అది ఎలక కొరికినట్టుంది.

"ఏం పని చేస్తారు?"

"వెల్డింగండీ."

"ఎప్పట్నుంచి?"

"మీసాలు రాకముందు నుంచి."

"మాస్కు పెట్టుకుంటారా?"

"కళ్ళకి పెట్టుకుంటానండీ."

"కళ్ళకి సరే, పొగకి?"

"చొక్కా ఎన్నిసార్లు ఉతికినా అదే వాసనండీ," అంది మా ఆవిడ.

ఆయన కాగితం పక్కన పెట్టాడు. "ఆ పొగ కొంతమందికి నరాల మీద పనిచేస్తుంది. వణుకు మీకు కనిపించింది ఇప్పుడు. లోపల మొదలై చాలా కాలమయ్యుంటుంది. మీకు తెలియక ముందే చెయ్యి తేడాగా పనిచేస్తూ వచ్చుంటుంది."

మా ఆవిడ మందులు ఎలా వేసుకోవాలో అడుగుతోంది. నాకు మాత్రం ఆయన చివరన్న మాటే చెవిలో ఉండిపోయింది. తెలియక ముందే అయితే, నేను సంచిలో ఇంటికి తెచ్చిన ముక్కలు ఏ చేత్తో వేసినట్టు? కోడలికి ఏం నేర్పినట్టు?

మర్నాడు ఆ ముక్కల్లో ఒకటి ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాను. టీ డబ్బా కింద పెట్టి, కోత బల్ల మీద దాన్ని అతుకు దగ్గర నిలువునా కోశాను. పైపులోకి దిగి కలిసిపోవాల్సిన లోహం పైనే గడ్డకట్టి కూర్చుంది. దానికీ పైపుకీ మధ్య నల్లటి గీత ఉంది. గోరు పెడితే దిగింది.

గంట దగ్గరికి పరిగెత్తాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది తుక్కు ముక్క. ఫ్రేమేనా ఇది?"

"ఫ్రేములూ ఇలాగే ఉంటాయండీ. ఒక్కటి కోసి చూద్దాం."

"పచ్చ వచ్చినదాన్ని కోశామంటే పైవాళ్ళకి నేనేం చెప్పను? కెమెరా బాగుందంది. కెమెరా బాగుందంది." తర్వాత గొంతు తగ్గించాడు. "నీ చెయ్యి నేను చూడట్లేదనుకున్నావా? ఆడలేక మద్దెల ఓడన్నాడట ఒకడు. నువ్వు కెమెరా సంగతెత్తితే నేను నీ చేతి సంగతెత్తాల్సి వస్తుంది. ఆ కెమెరాకి నేర్పింది ఎవరో కూడా ఎత్తాల్సి వస్తుంది. ఆలోచించుకో."

బయట లారీల్లోకి పిల్లల సైకిళ్ళు ఎక్కిస్తున్నారు. ఎర్రవి, నీలంవి, ముందు బుట్టలున్నవి. ఆలోచించుకుంటూ అక్కడే నిలబడ్డాను. లారీ నిండింది, వెళ్ళిపోయింది. ఇంకో లారీ వచ్చి అదే చోట ఆగింది.

బడులు తెరిచారు. మా వీధి మలుపు తిరిగితే బడి ఉంది, దాని పక్క నుంచి పెద్దరోడ్డు మీదికి పల్లంగా దిగే దారి ఉంది. ఒక ఉదయం పనికి వెళుతుంటే ఒక పాప నన్ను దాటుకుని పోయింది. నీలం సైకిలు, ముందు బుట్ట, ఇంకా సీటు మీద కవరు కూడా తీయలేదు.

"పాపా, ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాను.

ఆగలేదు సరికదా, జోరు పెంచింది. నేను పరిగెత్తాను. నేను పరిగెత్తేకొద్దీ ఆ పిల్ల బెదిరి ఇంకా గట్టిగా తొక్కుతోంది. పల్లం మొదలయ్యే చోట సైకిలు రాయెక్కి ఎగిరి పడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏమీ కాలేదు. పాప బ్రేకు వేసి, బడి గేటు దగ్గర నిలబడి ఉన్న వాళ్ళమ్మ కొంగు వెనక దూరింది.

"ఏంటండీ, పిల్ల వెంట పడుతున్నారు?" అంది తల్లి.

"సైకిలు చూద్దామనమ్మా."

"సైకిలేంటి చూసేది? ఆ వయసుకి సిగ్గుండక్కర్లా?"

నలుగురూ పోగయ్యారు. నేనవేమీ పట్టించుకోకుండా మోకాళ్ళ మీద కూర్చుని హ్యాండిలు కింద చూశాను. నీలం రంగు కింద నిండైన అతుకు, చివర చిన్న కొక్కెం. నాదో ఇనపచేతిదో నాకే తెలియలేదు.

"దీన్ని తొక్కనివ్వకండమ్మా. ఇది మా చేతుల్లో తయారైందే. అందుకే చెబుతున్నాను," అన్నాను.

తాగొచ్చాడనుకున్నారు ఎవరో. ఆ తల్లి పిల్లని దగ్గరికి లాక్కుని, సైకిలు తీసుకుని గేటు లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆ పిల్ల మళ్ళీ దాని మీదే ఇంటికి పోతుంది. బడి గోడ పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం కోసిన ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాను. కోడలు చీపురు పక్కన పడేసి వచ్చింది. ఆ నల్లగీత మీద వేలు పెట్టింది.

"ఇది మీరు నాకు మంచిదని చూపించిన ముక్క కదా మామయ్యా?"

"అవునమ్మా."

"అయితే నేను పచ్చ నొక్కినవన్నీ ఇలాంటివేగా."

నేను తలూపాను. డాక్టరు చెప్పింది చెప్పాను, ఇనపచెయ్యి చివర్లో వెనక్కి తిరగడం చెప్పాను, నీలం సైకిలు చెప్పాను. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వింది.

"ఎవరి పిల్లలైనా పడ్డారా? లేదుగా," అంది. "పడితే అప్పుడు చూద్దాం. అబ్బాయి చూస్తే ఇంటిపట్టున ఉండడు. ఈయన చెయ్యి చూస్తే ఇలా అయింది. ఇప్పుడు దీని ఉద్యోగం కూడా పోతే అందరం కలిసి ఏ నూతిలో దూకాలి?"

"పడితే చూద్దామా అత్తయ్యా?" అంది కోడలు. గొంతు పెంచలేదు. మా ఇంట్లో అడుగుపెట్టాక ఆమె అత్తగారి మాటకి ఎదురాడటం అదే మొదలు.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నేను వెళ్ళి చెబుతానమ్మా," అన్నాను. "నా చెయ్యి చెడిందని చెబుతా. నీ పేరెత్తను."

"మీ చెయ్యి చెడితే మీ ఫ్రేములు చెడాలి. ఇనపచెయ్యి వేసినవి ఎందుకు చెడ్డాయని అడగరా? నేనే చెబుతా, నాకు చూడటం రాలేదని. మీ చేతి సంగతి ఎత్తను."

"చూడటం నీకెవరు నేర్పారని అడగరా?"

ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఒకరిని దాచాలంటే రెండోవాళ్ళు బయటపడాల్సిందే. ఎటు తిప్పినా దారి ఆ బల్ల దగ్గరికే వచ్చి ఆగుతోంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే వడ్డించింది. ఎవరికీ ముద్ద దిగలేదు.

పొద్దున్నే ఇద్దరం కలిసే ఇంజనీరమ్మ గదికి వెళ్ళాం. కోడలే ముందు నడిచింది, కోడలే చెప్పింది. మధ్యలో నా చేతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. అక్కణ్ణుంచి నేనందుకున్నాను. ఇంజనీరమ్మ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. లేచి షెడ్డులోకి వెళ్ళి, ఇనపచెయ్యి అప్పుడే వేసిన ఫ్రేముని తనే మోసుకొచ్చి కోత బల్ల మీద పెట్టింది. పాటగాడు కోశాడు. అదే నల్లగీత. ఇంకోటి తెచ్చింది. అదీ అంతే.

"ఎన్ని బయటికి వెళ్ళాయి?" అంది.

గంట గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఒక్క మాటని పదిసార్లు అనే మనిషి, ఆ పూట ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఇంజనీరమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "నాకు భయమేస్తోందండీ," అంది. ఫ్యాక్టరీలో అంత పై మనిషి నోట ఆ మాట వినేసరికి, అప్పటిదాకా ఎలాగో నిలబెట్టుకున్న నా గుండె కూడా జారిపోయింది.

లైన్లు ఆపేశారు. సైకిళ్ళు తిరిగి తెచ్చివ్వమని దుకాణాలకి కబుర్లు వెళ్ళాయి, టీవీలో కూడా వేశారు. నాకు ఇంక టార్చి ఇవ్వలేదు, తిరిగొచ్చినవాటిని విడదీసే పని ఇచ్చారు. లారీల్లో వచ్చి పడేవి. కొన్నిటికి హ్యాండిలుకి బొమ్మలు కట్టి ఉండేవి, కొన్నిటికి బొమ్మల స్టిక్కర్లు. కొన్నిటికి అతుకు పక్కన వెంట్రుకలాంటి చీలిక అప్పటికే వచ్చేసింది. అలాంటిది కనిపించినప్పుడల్లా దాన్ని తొక్కిన పిల్లలెవరో, ఎక్కడిదాకా తొక్కారో అనుకునేవాణ్ణి. నీలం రంగువి, బుట్టలున్నవి చాలా వచ్చాయి. మా వీధి పాపది వాటిలో ఉందో లేదో నాకు తెలియదు. పంపినవన్నీ మాత్రం వెనక్కి రాలేదు. రానివి ఏ వీధుల్లో తిరుగుతున్నాయో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

మా కోడల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాం. తీయలేదు. తప్పు ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఇంజనీరమ్మ పట్టుబట్టి ఉంచింది. ఈసారి అతుకు లావు ఎంతన్నది కాదు, చెయ్యి ఎక్కడ నిలిచింది, ఎక్కడ ఎగిరింది అన్నది కెమెరాకి నేర్పాలన్నారు. దానికి కావాల్సిన ఫొటోలు నావి. ఆ ఎండాకాలమంతా నేను వేసిన అతుకులు ఒక్కొక్కటే తీసి, ఇదిగో ఇక్కడ వణికింది, ఇదిగో ఇక్కడ ఆపుకున్నాడు అని మా కోడలు వేలు పెట్టి చూపించాలి. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా అదే పని. ఇంటికొచ్చాక నా వైపు చూసేది కాదు. నేను నీళ్ళ గ్లాసు అందుకుంటే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం తనే వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, రేపు మీరు పనికి రాకండి."

"ఎందుకమ్మా?"

"కొత్తగా నేర్పిన కెమెరా రేపు పెడుతున్నారు. మీ చేత ఒక అతుకు వేయించి, అది వణుకుని పట్టుకుంటుందో లేదో అందరి ముందూ చూస్తారట. పట్టుకుంటుంది మామయ్యా. చాలా చిన్నది కూడా పట్టుకుంటోంది. నా కంటికి కనిపించనిది కూడా."

"అయితే బాగా నేర్పావన్నమాట. వస్తాను," అన్నాను.

వెళ్ళాను. చాలా రోజుల తర్వాత మాస్కు దించుకుని టార్చి పట్టుకున్నాను. చుట్టూ అందరూ ఉన్నారు. అది నన్ను పట్టుకోవాలి, పట్టుకుంటేనే పిల్లలకి క్షేమం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఒక్కసారి దాని కన్నుగప్పాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. మోచెయ్యి డొక్కకి ఆనించి, ఊపిరి బిగబట్టి, లోహం మిగలకుండా, పాతరోజుల్లో వేసినట్టు సన్నగా వేశాను. మాస్కు తీసి చూస్తే నాకే ముచ్చటేసింది. పాటగాడు ఈల వేశాడు.

దీపం ఎర్రగా వెలిగింది. కంప్యూటర్లో నా అతుకు పెద్దగా కనిపించింది. మధ్యలో ఒకచోట చిన్న గుండ్రటి గీత చుట్టింది అది. ఆ చోట నా మణికట్టు ఎగిరిన మాట నిజమే. కోడలు తల దించుకుంది. ఇంజనీరమ్మ నా దగ్గరికొచ్చి, "క్షమించండి," అంది. నేను టార్చి కొక్కేనికి తగిలించాను.

"ఇప్పుడొక మంచి చెయ్యి చూద్దాం," అన్నాడు గంట. అతనికి పచ్చ దీపం చూడాలని తొందరగా ఉంది.

పాటగాడు నా చోట కూర్చున్నాడు. పాడుతూనే మొదలుపెట్టాడు, పాట తెగకుండానే ముగించాడు. అంత నదురైన అతుకు ఈ మధ్యకాలంలో నేను చూడలేదు. ఫ్రేము కెమెరా ముందుకు వెళ్ళింది.

ఎరుపు.

అందరూ గొల్లుమన్నారు. "నీ కోడలికి నా మీద పగేంటి బాబాయ్?" అన్నాడు పాటగాడు. ఇంకోటి వేయమన్నారు. వేశాడు. మళ్ళీ ఎరుపు. కంప్యూటర్లో వాడి అతుకు మీద కూడా చిన్న గుండ్రటి గీత, రెండుసార్లూ. దాని లోపల నేను కళ్ళు చికిలించి ఎంత చూసినా ఏమీ కనిపించలేదు. గంట నిట్టూర్చి, దీన్ని మళ్ళీ మొదటి నుంచీ నేర్పాలి కాబోలన్నాడు. మా కోడలు ఆ గుండ్రటి గీతనే చూస్తోంది. చూసి చూసి నా వైపు తిరిగింది. నన్ను చూడలేక ఇన్నాళ్ళు తప్పించుకున్న పిల్ల, అప్పుడు మాత్రం చూపు తిప్పుకోలేదు.

నా చొక్కాకి అంటుకున్న వాసనే పాటగాడి చొక్కాకీ ఉంటుంది. వాడికి పొగకి కట్టుకునే గుడ్డ కూడా ఎప్పుడూ లేదు. కట్టుకోవాలని నేను నేర్పలేదు, నాకూ ఎవరూ నేర్పలేదు.

వాడు మాస్కు పైకెత్తి, నవ్వుతూ కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. వేళ్ళు విప్పి నిలబెట్టాడు. గీత గీసినట్టు నిలకడగా ఉంది ఆ చెయ్యి. నేను దాన్ని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"చూడు బాబాయ్, రాయిలా ఉంది. ఆ కెమెరాకే ఏదో తేడా వచ్చింది. అవునా, కాదా?"

నేను ఆ చెయ్యి వదల్లేదు.

"అవునను బాబాయ్," అన్నాడు వాడు, ఇంకా నవ్వుతూనే.

నేను వాడి మణికట్టు మీద బొటనవేలు ఆనించి, అది ఎగురుతుందేమోనని కాచుకుని ఉన్నాను.